వంద దాకా చెప్తాడు, నాలుగు పిందెలు తెమ్మంటే గుప్పెడు తెచ్చాడు

ఈ ఉత్తరం రాసింది ఒక చిన్న పట్టణంలోని ప్లేస్కూల్ టీచరు. వయసు 27. పేరూ ఊరూ వద్దన్నారు. ఎల్కేజీలో 24 మంది పిల్లలు, సాయానికి ఒక ఆయమ్మ.

మార్చిలో స్కూల్లో ‘స్ప్రింగ్ థీమ్’ పెట్టారట. కరస్పాండెంట్ గారు ఇచ్చిన వర్క్‌షీట్ల నిండా ట్యులిప్ పూలు, కుందేళ్ళు, చెర్రీ కొమ్మలు. బొమ్మలు లెక్కపెట్టి పక్క గడిలో అంకె వేయాలి. పిల్లలు రంగులేసుకుంటున్నారే గానీ లెక్క జోలికి పోవడం లేదు. కిటికీ బయట మామిడిచెట్టు కింద పిందెలు రాలి ఉన్నాయి. మన వసంతం ఇది కదా అనిపించి, మర్నాడు ఈవిడ ఒక సంచి నిండా పిందెలు, బంతిపూలు, ఇంట్లో కొత్త చింతపండు కొట్టగా మిగిలిన గింజలు పట్టుకెళ్ళి తరగతి మధ్యలో చాప మీద పోశారు. “రండి, లెక్కపెడదాం” అన్నారు.

అయిదు నిమిషాల్లో బంతిపూలు రెక్కలు రెక్కలుగా ఊడిపోయాయి. పిందెల కోసం ఇద్దరు కొట్టుకున్నారు. ఒక పాప చింతగింజ ముక్కులో దూర్చుకుంది. డాక్టరు దాన్ని తీసేశారు, పాపకు ఏమీ కాలేదు. కానీ మర్నాడు వాళ్ళమ్మ వచ్చి అందరి ముందూ కేకలేశారు. “ఆటలు ఇంటి దగ్గర ఆడుకుంటారమ్మా, మనకు ఫీజు కట్టేది చదువుకి” అన్నారు కరస్పాండెంట్ గారు. ఉగాది ముందు శనివారం తల్లిదండ్రుల ఎదుట ప్రతి పిల్లా, పిల్లాడూ వన్ టు హండ్రెడ్ చెప్పి తీరాలట.

ఇంకొక విషయం కూడా రాశారు. ఆ గందరగోళంలోనే, క్లాసులో అందరికన్నా ముందు వంద దాకా గడగడా చెప్పే నాలుగున్నరేళ్ళ బాబుని “నాలుగు పిందెలు తెచ్చివ్వు నాన్నా” అని అడిగారు. గుప్పెడు తెచ్చాడు. లెక్కపెట్టమంటే వేలు ఒకచోట, నోరు ఒకచోట. ఆరు పిందెలకి ‘నైన్’ దాకా వెళ్ళాడు. “మొత్తం ఎన్ని?” అంటే మళ్ళీ వన్ నుంచి మొదలుపెట్టాడు. “వాడే అలా ఉంటే ఏడాదంతా నేను నేర్పిందేంటి మేడమ్? నా పద్ధతి తప్పా? మళ్ళీ చేయాలా, వర్క్‌షీట్లకే పోవాలా? అసలు ఈ ఉద్యోగం మానేయాలా?” అని అడుగుతున్నారు.

అమ్మా, ముందు చింతగింజ సంగతి మాట్లాడుకుందాం. ఆ తల్లి అరిచిన తీరు మిమ్మల్ని బాధపెట్టింది, నిజమే. కానీ ఆమె భయం న్యాయమైనది. గింజ తడికి ఉబ్బుతుంది. ముక్కులో ఇరుక్కుంటే మనం వేలు పెట్టి తీయబోతే ఇంకా లోపలికి పోతుంది. గొంతులోకి జారితే మన చేతుల్లో ఏమీ ఉండదు. నాలుగేళ్ళ వాళ్ళ తరగతికి చింతగింజలు, పూసలు, శనగలు వద్దు. నేను పెట్టుకున్న కొలత ఒకటే: చిన్న నిమ్మకాయ కన్నా చిన్నది పిల్లల చేతికి ఇవ్వను. ఎర్రగా ముద్దొచ్చే గురివింద గింజలైతే గది గుమ్మం కూడా దాటనివ్వను, అవి విషం. గన్నేరు పూలూ అంతే. ఎంత అందంగా ఉన్నా, స్కూలు గోడ పక్కనే పూసినా, పిల్లల ఆటకి పనికిరావు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. మామిడి పిందెల్లోనూ బాగా చిన్నవి ఏరి పారేసి, నిమ్మకాయంత ఉన్నవే ఉంచుకోండి. తొడిమ దగ్గర జీడి కారుతుంది, అది చర్మాన్ని కాలుస్తుంది. కాబట్టి ముందురోజే కడిగి, తుడిచి, ఒక రాత్రి ఆరనివ్వండి.

ఈ ఒక్క విషయంలో తప్పు మీదే. మిగతా ఉత్తరంలో మీరు తప్పని అనుకుంటున్న వాటిలో చాలావరకు తప్పులు కావు.

ఆ బాబు దగ్గరికి వద్దాం. వాడిని చూసి మీకు గుండె జారింది. నాకు మాత్రం, ఈ టీచరుకి చూసే కన్ను ఉంది అనిపించింది. వంద దాకా చెప్పడం పిల్లలకి ఒక పాట లాంటిది. పాటలో మాటలు వరసగా వస్తాయి, ఏ మాట ఏ వస్తువుదో తెలియక్కర్లేదు. లెక్కపెట్టడం వేరే పని. రోచెల్ గెల్మన్, రాండీ గాలిస్టెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1978లో ఈ పనిని విడదీసి చూపించారు. మాటల వరస తప్పకూడదు, ఒక వస్తువుకి ఒకే మాట పడాలి, చివర పలికిన మాటే మొత్తం ఎన్నో చెబుతుంది. ఈ మూడిటితో పాటు, ఎటు నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు, కంటికి కనిపించని వాటిని కూడా లెక్కపెట్టవచ్చు అనేవి మరో రెండు. మీ బాబుకి మొదటిది వచ్చింది. రెండోది వేలి దగ్గర జారిపోతోంది. మూడోది ఇంకా రాలేదు, అందుకే ‘ఎన్ని’ అంటే మళ్ళీ వన్ నుంచి ఎత్తుకున్నాడు. వాడి దృష్టిలో ‘ఎన్ని’ అనే ప్రశ్నకి జవాబు ఆ పాట మళ్ళీ పాడటమే.

కేరన్ విన్ అనే పరిశోధకురాలు 1990 ప్రాంతంలో చిన్నపిల్లలతో సరిగ్గా మీరు చేసిన పనే చేశారు. ఇన్ని ఇవ్వు, అన్ని ఇవ్వు అని అడిగి చూశారు. అంకెలు వరసగా చక్కగా చెప్పే పిల్లల్లో కూడా కొందరు ఒకటి అడిగితే ఒకటే ఇచ్చారు, అంతకు మించి అడిగితే గుప్పెడు తీసి ఇచ్చారు. ముందు ‘ఒకటి’ అర్థమవుతుంది. కొన్ని నెలలకి ‘రెండు’, తర్వాత ‘మూడు’. ఆ గట్టు దాటాక మిగతావన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. ఇది మూడు నాలుగేళ్ళ వయసులో నెలల తరబడి నడిచే ప్రయాణం. మీ బాబు కొంచెం వెనక ఉన్నాడేమో గానీ మందబుద్ధి కాదు, మీరు ఏడాదిని వృథా చేయనూ లేదు.

ఇంకో అనుమానం. వాడు నేర్చిన లెక్కంతా ఇంగ్లీషులో. మీరు అడిగింది ‘నాలుగు పిందెలు’. వాడికి ‘ఫోర్’ తెలిసి ‘నాలుగు’ తెలియకపోవచ్చు. మన ఇళ్ళల్లో ఇప్పుడు చాలామంది పిల్లల పరిస్థితి ఇదే. రేపు అదే ప్రశ్న “ఫోర్ పిందెలు ఇవ్వు” అని అడిగి చూడండి. నాలుగు ఇస్తే సమస్య లెక్కది కాదు, మాటది. అప్పుడూ గుప్పెడే ఇస్తే రెండింటికి తగ్గించండి, రెండు వస్తే మూడు. ఎక్కడ ఆగిపోతాడో అక్కడి నుంచి మీ పని మొదలు. ఒక్క బాబుకే కాదు, 24 మందికీ ఈ ప్రశ్న విడివిడిగా అడగండి, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు చాలు. చిన్న నోటుబుక్కులో పేరు పక్కన ఒక్క అంకె రాసుకోండి. ఆ పుస్తకం తర్వాత మీకు చాలా పనికొస్తుంది.

తెలుగు లెక్క నేర్పమని కూడా అంటాను. ఇది భాషాభిమానంతో చెప్పే మాట కాదు. ‘పదకొండు’లో పది వినిపిస్తుంది, ‘పదమూడు’లో పదీ మూడూ రెండూ వినిపిస్తాయి. ‘ఎలెవెన్’, ‘ట్వెల్వ్’లో పిల్లాడికి ఏమీ వినిపించదు. పది పిందెలు ఒక డొప్పలో, మూడు పక్కన పెట్టి ‘పది... మూడు... పదమూడు’ అంటే వాడు కంటితో చూసిందే చెవితో వింటాడు. మరో సంగతి, మనకి మనుషుల లెక్క వేరు. రెండు పిందెలు, ఇద్దరు పిల్లలు. మూడు డొప్పలు, ముగ్గురు అమ్మాయిలు. ఎవరైనా ‘రెండు పిల్లలు’ అంటే తప్పు అనకండి. “అవును, ఇద్దరు పిల్లలు, రెండు పిందెలు” అని సరైన మాట మీ నోటితో అనేసి ముందుకు పోండి.

ఇప్పుడు ఆ రోజు మీ ఆట ఎందుకు చెడిందో చూద్దాం. వసంతాన్ని గదిలోకి తేవడం మంచి ఆలోచన. ట్యులిప్పుల తప్పేమీ లేదు గానీ, మన పిల్లలు వాటిని ఎప్పుడూ ముట్టుకోలేదు, కాగితం మీది బొమ్మ జరగదు కూడా. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, ఒకే చాప మీద వంద వస్తువులు, చుట్టూ 24 మంది. అంత కుప్ప చూస్తే ఏ పిల్లకైనా ఏరుకోవాలనిపిస్తుంది, లెక్కపెట్టాలనిపించదు. లెక్క కుదరాలంటే వస్తువులు తక్కువ ఉండాలి, పిల్లలు తక్కువ ఉండాలి, చేతికి జాగా ఉండాలి.

నేనైతే ఇలా చేస్తాను. ఒక్కసారికి నలుగురు పిల్లలు. మిగతా ఇరవై మంది ఆయమ్మ దగ్గర పాటలతోనో బ్లాకులతోనో ఉంటారు. ఒంటిపూట బడి కాబట్టి ఎండ ముదరకముందు, మొదటి గంటలోనే. ఒక్కో గుంపుకి పది నిమిషాలు, రోజుకి రెండు గుంపులు, మూడు రోజుల్లో అందరికీ వంతు వస్తుంది. ఒక్కొక్కరి ముందు అయిదు ఆకుడొప్పలు, అయిదు పిందెలు. అంతకు మించి వద్దు.

మొదటి రోజు అంకెల ఊసే ఎత్తకండి. “ప్రతి డొప్పలో ఒక పిందె పడుకోవాలి” అనండి చాలు. ఒక డొప్పకి ఒక పిందె, మిగలకుండా, రెండు పడకుండా. వేలు, నోరు కలవడానికి పునాది ఇదే. రెండో రోజు పిందెలన్నీ ఎడమ పక్క వరసగా పెట్టి, ఒక్కో మాటకి ఒక్కోటి కుడివైపు బుట్టలోకి జరపమనండి. వేలితో చూపించడం కాదు, చేత్తో పట్టుకుని జరపడం. జరిగిపోయింది మళ్ళీ లెక్కలోకి రాదని వాడి చేతికే తెలుస్తుంది. మీ బాబు ఆరింటికి తొమ్మిది చెప్పడం ఎక్కువ భాగం ఇక్కడే తగ్గిపోతుంది. చివరి పిందె పడ్డాక బుట్ట చుట్టూ మీ చెయ్యి గుండ్రంగా తిప్పి, “అయిదు. మొత్తం అయిదు పిందెలు” అని మీరే చెప్పండి. కొన్ని రోజులు మీరే చెప్పాలి. తర్వాత ఒక రోజు చెయ్యి తిప్పి మౌనంగా ఆగండి. ఎవరో ఒకరు “అయిదు” అంటారు. ఆ క్షణం కోసమే ఇదంతా.

ఆ తర్వాత అడిగే ఆట. మీరు ఊరగాయ పెట్టే అమ్మమ్మ, వాళ్ళు తోటమాలులు. “నాకు మూడు పిందెలు కావాలి, తెచ్చిపెట్టండి.” ఎక్కువ తెస్తే తప్పు అనొద్దు. “ఇవి మూడేనా? ఇద్దరం కలిసి చూద్దాం” అని జరుపుతూ లెక్కపెట్టండి. ఒక డొప్ప ఖాళీగా ఉంచి, “దీంట్లో ఎన్ని?” అనీ అడగండి. “ఏమీ లేవు” అని నవ్వుతారు. సున్నా అంటే ఏమిటో చెప్పడానికి అంతకన్నా మంచి చోటు లేదు. మాంటిస్సోరి బళ్ళలో కదురు పుల్లల పెట్టె అని ఒకటి ఉంటుంది. సున్నా నుంచి తొమ్మిది దాకా పది గళ్ళు, 45 పుల్లలు. సున్నా గడిలో ఏమీ వేయరు. పిల్లలు ఏదో మర్చిపోయామేమో అన్నట్టు దానివైపు మళ్ళీ మళ్ళీ చూస్తారు.

పువ్వు మీద ఒక జాగ్రత్త. మందారానికి అయిదు రెక్కలు, లెక్కపెట్టించడానికి బాగుంటుందని అనిపిస్తుంది. కానీ రెక్కలు చుట్టూ గుండ్రంగా అమరి ఉంటాయి, జరపడానికి వీల్లేదు, ఎక్కడ మొదలెట్టారో పిల్లలకి గుర్తుండదు, చుట్టూ తిరుగుతూనే ఉంటారు. ఏడు, ఎనిమిది, పది. మొదటి రెక్క మీద కొంచెం కుంకుమ బొట్టు పెట్టండి. బొట్టు దగ్గరికి వస్తే ఆగాలి. ఇది వరసలో లెక్కపెట్టడం బాగా వచ్చిన పిల్లలకే.

కోయిల కూస్తుంటే కిటికీ దగ్గర అందరూ నిశ్శబ్దంగా నిలబడి కూతలు లెక్కపెట్టడం నాకు అన్నిటికన్నా ఇష్టం. కంటికి కనిపించదు, చేతికి అందదు, అయినా ‘మూడు సార్లు కూసింది’ అంటారు. ఉగాది పచ్చడి రుచులు కూడా అంతే. తీపి, పులుపు, చేదు, వగరు, ఉప్పు, కారం. నాలుక మీద పడినప్పుడల్లా ఒక వేలు ముడిస్తే ఒక చెయ్యి అయిపోయి రెండో చేతికి వెళ్ళాలి. ఆరు అంటే ఒక చెయ్యీ ఒక వేలూ. ఎవరింట్లోనైనా ధాన్యం కొలిచిన నానమ్మ ఉంటే ఆ రోజు పిలవండి. మొదటి కుంచానికి ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని, తర్వాత ‘రెండు, మూడు’ అని కొలిచేవారు. పిల్లలు పడి పడి నవ్వుతారు. అంకెలు ఇంకా తడబడే వాళ్ళకి మాత్రం ఇది కొన్నాళ్ళు ఆగనివ్వండి.

ఇక కరస్పాండెంట్ గారు. మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి.

ఆయన చెప్పినట్టే వర్క్‌షీట్లు చేయిస్తూ, రోజూ ఆ ఇరవై నిమిషాలు మాత్రం మీకోసం మిగుల్చుకోవచ్చు. గొడవ ఉండదు, ఉద్యోగం నిలుస్తుంది. కానీ దాచి చేసే పని అవుతుంది. మళ్ళీ ఏ చిన్న పొరపాటు జరిగినా ‘చెప్పకుండా చేసింది’ అనే మాట పడుతుంది. చింతగింజ తర్వాత ఆ మాటని మీరు తట్టుకోలేరు.

రెండోది, ఆయనతో నేరుగా మాట్లాడటం. వెళ్ళేటప్పుడు ఆ నోటుబుక్కు పట్టుకెళ్ళండి. “సార్, 24 మందిలో ఇంతమందే నాలుగు అడిగితే నాలుగు ఇచ్చారు. నాకు రెండు వారాలు ఇవ్వండి, గింజలు ఉండవు, నలుగురికి మించి కూర్చోబెట్టను, వందా ఆపను” అనండి. 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల చదువు ఆట మీదే నడవాలంటోంది. 2023లో కేంద్రం ‘జాదూయీ పిటారా’ పేరుతో ఆటవస్తువుల పెట్టెనే విడుదల చేసింది. ఆ సంగతీ చెప్పండి, ఇది మీకొచ్చిన పిచ్చి కాదని తెలుస్తుంది. అయితే ఆ మాటలతోనే ఆయన మారతారని నేను అనుకోను. ఆయనకి అడ్మిషన్ల టెన్షన్ ఉంటుంది, ఫీజు కట్టేవాళ్ళు చెవితో వినేది వందే. ఆయన కాదంటే మీకు అవమానంగా ఉంటుంది, అప్పుడు మొదటి దారి కూడా మూసుకుపోవచ్చు. అయినా మీ మనసుకి ఈ దారే సరిపోతుందని నాకనిపిస్తోంది.

మూడోది ఆ శనివారం. వంద మానొద్దు. అందరి చేతా కలిపి పాటలా చెప్పించండి, రెండు నిమిషాల్లో అయిపోతుంది, వినేవాళ్ళకి సంతోషం, ఒంటరిగా నిలబడి తడబడే పిల్లలు బతికిపోతారు. ఆ తర్వాత ఒక్కో తల్లిని గానీ తండ్రిని గానీ వాళ్ళ బిడ్డ పక్కన చాప మీద కూర్చోబెట్టి, అయిదు డొప్పలు, అయిదు పిందెలు ఇవ్వండి. వాళ్ళ కళ్ళతో వాళ్ళు చూస్తారు. ఇందులో ప్రమాదం ఉంది. వంద చెప్పే తన కొడుకు మూడు ఇవ్వలేకపోవడం చూసి ఒక తండ్రి అక్కడే కోప్పడవచ్చు. అందుకని ముందే చెప్పండి: “ఎన్ని అని ఒక్కసారే అడగండి, తప్పు అనే మాట ఈ రోజు వద్దు.” ఇంకా అర్థం కాని పిల్లలకి మొదటి రోజు ఆట, ఒక డొప్పకి ఒక పిందె, అదే ఇవ్వండి. అది అందరికీ వస్తుంది. కరస్పాండెంట్ గారి ఒప్పుకోలు లేకుండా మాత్రం ఇది చేయకండి.

ఆ పాప తల్లికి మీరే ఫోన్ చేయండి. క్షమించమని అడగండి, వివరణ ఇవ్వొద్దు. ఏమేం మార్చారో రెండు మాటల్లో చెప్పండి. ఆమె మెత్తబడకపోవచ్చు. శనివారం నాడు ఆ పాప ముందు ఉన్న పిందెలు నిమ్మకాయంత ఉన్నాయని ఆమె గమనిస్తారు, అది చాలు.

ఉద్యోగం మానేయడం గురించి. మీ జీతం మీద ఇల్లు ఎంత ఆధారపడిందో మీరు రాయలేదు, కాబట్టి నేను గట్టిగా చెప్పలేను. ఇప్పుడు మానేస్తే ఏడాది చివరి నెలలో 24 మందికి కొత్త మనిషి వస్తారు, పక్క స్కూల్లోనూ ఇవే వర్క్‌షీట్లు ఉండొచ్చు. ఏప్రిల్ దాకా ఉండి, ఆ నోటుబుక్కులో అంకెలు మారాయో లేదో చూసుకుని, వేసవిలో తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. మీరు ఎంత ప్రయత్నించినా రెండు వారాలు కూడా ఇవ్వని చోటు అయితే, జూన్‌లో వేరే చోటు వెతుక్కోవడంలో తప్పేమీ లేదు. కోపంలో మాత్రం కాగితం రాసివ్వకండి.

ఈ ఆదివారం సాయంత్రం ఇరవై పిందెలు ఏరి, కడిగి, జల్లెడలో ఆరబెట్టండి. సోమవారం ఆయనతో మాట్లాడండి. ఒప్పుకుంటే మొదటి నలుగురిలో ఆ బాబుని కూర్చోబెట్టండి. అడిగే ఆట దాకా వచ్చిన రోజు పెద్ద అంకెలు అడగొద్దు, రెండు అడగండి. వాడు ఏం ఇచ్చాడో నాకు రాయండి.